మా మిరప చుట్టూ కంది సాళ్ళు

పత్తి విత్తనాలు కొన్నప్పుడు కొన్ని ప్యాకెట్లతో పాటు ఒక చిన్న కంది పొట్లం కూడా వచ్చేది. పత్తి చుట్టూ అది విత్తమని ప్యాకెట్ మీద బొమ్మ వేసి మరీ చెప్పేవాళ్ళు. మా ఊళ్ళో ఆ మాట విన్న మగవాణ్ణి నేను చూడలేదు. పొట్లం విప్పకుండానే గట్టు మీద పడేసి పోయేవాళ్ళు. మా అత్త వాటిని ఏరుకొచ్చేది. మా చేనివే కాదు, పక్క చేల గట్ల మీదవి కూడా కొంగులో పోసుకొచ్చి మా మిరప చుట్టూ ఒక సాలు విత్తేది. ఊరంతా నవ్వేది. కొత్తకోడలిగా వచ్చిన నేనూ నవ్వుదామనుకున్నాను గానీ, ఆమె నా వైపు చూసిన చూపుకి పక్కన కూర్చుని పొట్లాలు విప్పాను.

మాది సత్తెనపల్లి దగ్గర నల్లరేగడి ఊరు. సొంతది కాస్త, కౌలుది కాస్త కలిపితే మా సేద్యం. సగం పత్తి, సగం మిరప. మా కారం పడని కూర ఈ దేశంలో ఉండదని మా ఊరి మగవాళ్ళు మీసం మీద చెయ్యి వేస్తారు. ఆ మాట నాకూ ఇష్టమే. ఎర్రగా కాయ ఆరబోసిన కల్లం చూస్తే ఇప్పటికీ నా కడుపు నిండుతుంది. నిజంగా నిండాలంటే మాత్రం బియ్యం రేషన్ డిపో నుంచి, అత్త సాలులో పండిన కాస్త కంది అయిపోయాక పప్పు కొట్టు నుంచి రావాలి. కల్లంలో కాయలు తిరగేసి, ఆ చేతులు కడుక్కుని, పావుకిలో పప్పు కోసం కొట్టుకి నడిచేదాన్ని. కొట్టులో నా ముందు నిలబడ్డ వాళ్ళూ రైతుల పెళ్ళాలే. నాకు ఒళ్ళు మండేది. ఇంత నేల పెట్టుకుని పప్పు కొనుక్కు తినడమేమిటని ఒకసారి మా ఆయన్ని అడిగితే, "మిరప అమ్మి పప్పు కొనుక్కుంటాం, పప్పు వేసి మిరప కొనుక్కుంటామా?" అన్నాడు. లెక్క ఆయనదే గెలిచింది. నా మంట మాత్రం తగ్గలేదు.

అట్లాంటి రోజుల్లో వ్యవసాయ శాఖ తరఫున మా ఊరికి ఒక అమ్మాయి వచ్చింది. అద్దంకి వైపు పిల్ల. డిగ్రీ చదివి ఈ ఉద్యోగంలో చేరింది. స్కూటీ మీద తలకి చున్నీ చుట్టుకుని చేల గట్ల మీదే తిరిగేది. ఊళ్ళో అందరం వ్యవసాయం అమ్మాయి అనేవాళ్ళం. ఆ ఏడు చిన్న రైతులకి గట్టు పంటల విత్తనాలు ఉచితంగా ఇమ్మని పైనుంచి చెప్పారట. కంది, జొన్న, అలసంద, బంతి కలిపి ఒక సంచి. మిరప చుట్టూ ఇవి ఉంటే గాలికి కొట్టుకొచ్చే పురుగు కొంత అక్కడే ఆగుతుందని, ఇంటికి తిండి కూడా వస్తుందని చెప్పింది. మగవాళ్ళు అరుగు మీద కూర్చుని విన్నారు. "ఆ సాళ్ళలో మిరప మొక్కలు పడితే ఎంత కాయ వచ్చుద్దో నీకు తెలుసా అమ్మాయ్?" అన్నాడొకాయన. ఆ పిల్ల తడుముకోలేదు. "తెలుసండి. పోయినేడు గట్టు పక్క సాళ్ళలో మీకు ఎంత కాయ వచ్చిందో కూడా చూశాను. మొత్తం ముడుచుకుపోయింది కదండీ" అంది. ఆయన తువ్వాలు దులుపుకుని లేచిపోయాడు. ఆ క్షణంలోనే ఆ పిల్ల నాకు నచ్చింది.

అరుగు మీద పని కాదని ఆమె మా పొదుపు సంఘానికి వచ్చింది. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వసారాలో కూర్చుంటాం మేము. మాలో ఎక్కువమంది కూలికీ వెళ్తారు, కౌలుకీ చేస్తారు. పిండిమర నడిపే సాయిబుల ఇంటి కోడలు కూడా మా సంఘమే. ఆమెకీ కాస్త చేను ఉంది. సంచి విప్పి చూపించగానే అందరూ నా మొహం చూశారు. సంఘంలో కాస్త నోరున్నదాన్ని నేనే. "మా అత్త ఇన్నేళ్ళు గట్ల మీద ఏరుకొచ్చి విత్తింది. ఇప్పుడు గవర్నమెంటోళ్ళు ఇంటికి తెచ్చి ఇస్తన్నారు. ఇంకేంది మీ నొప్పి?" అన్నాను. ఆ మాట మీద చుట్టూ రెండు సాళ్ళు వదలడానికి అందరూ ఒప్పుకున్నారు. ఇళ్ళకి వెళ్ళి మొగుళ్ళతో ఏం పడ్డారో వాళ్ళకే తెలుసు. నేను పడ్డది చెప్పను.

పురుగు రాలేదని అబద్ధం చెప్పను. వచ్చింది. పక్క చేలల్లో వచ్చినంత రాలేదు, అంతే. కంది మాత్రం విరగకాసింది. మాఘమాసం వచ్చేసరికి కట్టెలు కొట్టి కల్లం చేస్తే ప్రతి ఇంట్లోనూ తినడానికి ఉంచుకోగా ఇంకా మిగిలింది. ఆ మిగిలినదే తలనొప్పి అయింది. ఒక్కొక్కరి దగ్గర ఉన్నది అటు బస్తా కాదు, ఇటు చేట కాదు. ఆ కాస్త కోసం మార్కెట్‌కి తీసుకెళ్తే దారి ఖర్చులకే సరిపోతుంది. ఊళ్ళోకి వచ్చే వ్యాపారి మిరప అయితే చూస్తానన్నాడు, కందిని మొహమాటానికైనా చూడలేదు. "వచ్చే ఏడు నా గట్టు నాకిచ్చెయ్ తల్లీ" అని ఒకామె నా మొహం మీదే అనేసింది. చిన్న రైతుకి పండించడం రాదనుకుంటారు గానీ, ఆ పండినది కాస్తే కాబట్టి కొనేవాడు లేకపోవడమే అసలు జబ్బు.

దానికి మందు కూడా ఆ వ్యవసాయం అమ్మాయే తెచ్చింది. బడుల్లో మధ్యాహ్న భోజనానికి పప్పు ఎక్కడో టౌను నుంచి కాంట్రాక్టరు ద్వారా వస్తుంది. దాని బదులు దగ్గర ఊళ్ళలో సంఘాలు పండించిన పప్పునే తీసుకుని చూద్దామని ఆ ఏడు మా మండలంలో ఒక ప్రయత్నం పెట్టారు. ముందు మా ఊరి హైస్కూల్లో కొన్నాళ్ళు వండి చూస్తారు. పిల్లలు తింటే, వచ్చే ఏడంతా మండలంలో బడులకి మా పప్పే. తినకపోతే కాంట్రాక్టరు పప్పే. అంతకంటే వేరే షరతు లేదు. నాకు మాత్రం ఇంకోటి ఉంది. ఇది పోతే రెండు సాళ్ళు కాదు గదా, ఒక్క కంది మొక్క కూడా మా ఊరి గట్ల మీద మళ్ళీ నిలవదు. నా మాట మీద గట్లు వదిలిన ఆడవాళ్ళు రేపు మొగుళ్ళ ముందు తల దించుకోవాలి. అది నేను జరగనివ్వను.

పప్పు చేసే పని అత్త చేతికిచ్చాం. కందులు నానబెట్టి, పొట్టు ఊడి రావడానికి ఎర్రమట్టి పట్టించి, ఎండబెట్టి, మరలో పగలగొట్టించి, చేటలతో చెరిగితే వచ్చిన పప్పు చూసి మా అందరి మొహాలూ వెలిగాయి. బడి అనగానే అత్తకి పాత సంగతులు గుర్తొచ్చాయి. చెరుగుతూ చెరుగుతూ తన చిన్నప్పటి సంగతి చెప్పింది. ఆమె పుట్టిల్లూ ఈ ఊరే. ఇప్పటి హైస్కూలు అప్పట్లో చిన్నబడి, అందులోనే రెండేళ్ళు చదివిందట. చదువుకి కాదు, ఉప్మాకి వెళ్ళేదట. ఎక్కడో పరాయి దేశం నుంచి ఓడలో వచ్చిన గోధుమ రవ్వతో వండేవాళ్ళు. సత్తు పళ్ళెం పట్టుకుని వరసలో నిలబడితే గరిటెడు పడేది. రవ్వ వచ్చిన గుడ్డసంచులు ఖాళీ అయ్యాక వాళ్ళమ్మ అడిగి తెచ్చుకుని ఆమెకి లంగా కుట్టిందట. దాని మీద నీలం అక్షరాలు ఉండేవి. ఎంత ఉతికినా పోయేవి కావు. "ఏం రాసుందని మాస్టార్ని అడిగితే, ఆ దేశం పేరన్నాడు. చుట్టూ ఇంత నేల ఉంది. మాకు పెట్టే గింజ మాత్రం ఇంకో దేశంది" అంది. నవ్వుతూనే అంది గానీ చేట మాత్రం గట్టిగా కొట్టింది.

బడిలో వంట చేసే ఆవిడ నాకు అక్క వరస. గట్టి మనిషి, మంచి చెయ్యి. మొదటిరోజు అత్త, నేను బస్తా మోయించుకుని వెళ్ళాం. గుండిగలో ఎసరు పెట్టి, పప్పు కడిగి వేసి, అక్క పక్కనున్న డబ్బా తీసి వంటసోడా చేతిలో పోసుకుంది. అత్త ఆ చెయ్యి పట్టుకుంది.

"ఏందది?"

"సోడా అత్తా. రోజూ వేసేదే. ఏ పప్పైనా మెత్తబడాలంటే వెయ్యాల."

"టౌను పప్పుకి వేసుకో. నా కందిపప్పుకి సోడా ఏంది? పొయ్యి మీద పెట్టి పాట పాడేలోపు ఉడికిద్ది."

అక్క నా వైపు చూసింది. నేను అత్తనే సమర్థించాను. మా పప్పు మీద మాకు అంత నమ్మకం.

పాటలు చాలా అయిపోయాయి. గ్యాసు మండుతూనే ఉంది. పప్పు గుండిగలో గులకరాళ్ళలా దొర్లుతూనే ఉంది. పప్పుగుత్తి వేసి ఎనిపితే గుత్తికే ఎదురు తిరిగింది. గంట కొట్టారు, పిల్లలు పళ్ళేలు పట్టుకుని వచ్చేశారు. అక్క చేసేది లేక అందులోనే చింతపండు పులుసు పోసి చారులా చేసి వడ్డించింది. పిల్లలు పైన నీళ్ళు కలుపుకుని, అడుగున పప్పు పళ్ళెంలోనే వదిలేసి పోయారు. కొళాయి కింద కాలవలో పసుప్పచ్చగా మా పప్పు కొట్టుకుపోతుంటే అత్త అక్కడే నిలబడి చూసింది. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం.

పెద్దమాస్టారు మంచి మనిషి. గట్టిగా ఒక్క మాట అనలేదు. "చూడమ్మా, శుక్రవారం మండలం నుంచి ఆఫీసరు గారు భోజనం చూడటానికి వస్తున్నారు. ఈలోపు సరి చేసుకోండి. ఆ రోజు కూడా ఇట్లాగే ఉంటే నేను పాత పప్పే తెప్పించుకోవాల్సి వస్తుంది. పిల్లల్ని పస్తు పెట్టలేను కదా" అన్నారు. న్యాయమైన మాట. మిగిలిన పప్పు బస్తా ఎత్తించుకుని ఇంటికి తెచ్చేశాను.

ఆ సాయంత్రం చర్చి వసారా దద్దరిల్లింది. పోయినేటి పాత కందులు ఎవరు కలిపారని ఒకరు, మా ఇంట్లో పాతవి మిగిలేదెక్కడ అని ఇంకొకరు. మర రాయి సరిగా లేదని ఒకామె అంటే, సాయిబుల కోడలు లేచి, "రేపే వచ్చి నీ చేత్తో రాయి చూసుకో. మీ ఇంటి పిండి కూడా ఆ రాయి మీదే ఆడతంది" అంది. వ్యవసాయం అమ్మాయి కూడా వచ్చి కూర్చుంది. "మామ్మా, ఎర్రమట్టి పట్టిస్తే పప్పు కాస్త ఆలస్యంగా ఉడుకుతుందంటారు. అదేమో చూద్దామా?" అని మెల్లగా అడిగింది. అత్త లేచి ఇంటికి వెళ్ళిపోయింది. అంతకంటే తిట్టినా బాగుండేది.

నేను బడి నుంచి తిరిగి తెచ్చిన బస్తాలోంచే ఒక గిద్దెడు తీసి ఇంట్లో పొయ్యి మీద పెట్టాను. ఎర్రమట్టిదే, అదే మర రాయిదే, ఎవరి పాత కందులు కలిసి ఉంటే అవీ అందులోనే ఉన్నాయి. అన్నం వార్చేలోపు పప్పు మెత్తగా ఉడికి ఊరుకుంది. వేలితో నొక్కితే వెన్న. మా ఆయన వాసనకి వచ్చి పక్కన కూర్చుని, "ఇంత బాగా ఉడికితే ఇంకేం రోగం?" అన్నాడు. ఆ మాటకి నేను పొయ్యి పక్కనున్న బిందె వైపు చూశాను. ఆ చూపుతో సంగతంతా తెలిసిపోయింది.

మా వైపు బోరు నీళ్ళు ఉప్పన. ఒంటికి, బట్టకి, గేదెకి పనికొస్తాయి, పప్పుకి పనికిరావు. ఇంట్లో బోరున్నవాళ్ళు కూడా పప్పు ఎసటికి మంచినీళ్ళ చెరువు నుంచి బిందె తెచ్చుకోవాల్సిందే. కొత్తకోడలు వస్తే ముందు నేర్పేది అదే. పెళ్ళయిన వారంలో అత్త నా చంకన బిందె పెట్టి, "ఇది తాగడానికీ, పప్పుకీ" అని చెప్పింది. అంత తెలిసిన మేము బడిలో బోరు కొళాయి తిప్పి ఎసరు పెడుతుంటే పక్కనే నిలబడి చూశాం. ఇల్లయితే ఊరుకునేవాళ్ళం కాదు. అది బడి, గవర్నమెంటుది, అక్కడ కొళాయిలో ఏది వస్తే అదే నీళ్ళు అనుకున్నాం. అక్క వేసే సోడా అంతా ఆ ఉప్పుకి విరుగుడే. మా అత్త పౌరుషానికి పోయి ఆ విరుగుడు తీసేసింది, ఉప్పు అట్లాగే ఉండిపోయింది.

అత్తని లేపి పప్పు తినిపించి చెప్పాను. ఇంకో ముద్ద తనే కలిపి నోట్లో పెట్టుకుంది. "అయితే మట్టిది కాదా తప్పు?" అంది.

"కాదు అత్తా."

"కందిది కాదా?"

"కాదు. నీళ్ళది."

"శుక్రవారం నాకు బిందె ఇవ్వు" అంది.

శుక్రవారం పొద్దున మా సంఘం ఆడవాళ్ళందరం చెరువు నుంచి బడికి నడిచాం. తలా ఒక బిందె. నా ముందు అత్త, ఆమె ముందు సాయిబుల కోడలు. పాత కందుల మీద ఒకరినొకరు తిట్టుకున్న వాళ్ళంతా ఒకే వరసలో. అరుగు మీద మగవాళ్ళు చూస్తున్నారు. "ఏందే, బడికి పెళ్ళా?" అన్నాడొకడు. "నువ్వు రా, పప్పన్నం పెడతాం" అంది వెనకనుంచి ఎవరో. ఈ ఊళ్ళో చాలా ఊరేగింపులు చూశాను గానీ, దానంత గొప్పగా నడిచినది నాకు గుర్తులేదు. మోసింది నీళ్ళే. అయినా మా మెడలు నిటారుగా ఉన్నాయి.

అక్క సోడా డబ్బా తనే తీసి పై అరలో పెట్టేసింది. ఎసరు కాగింది, పప్పు పడింది. అందరం గుండిగ చుట్టూ చేరాం. కాసేపటికి అక్క గరిటెతో రెండు బద్దలు తీసి అత్త చేతిలో వేసింది. అత్త బొటనవేలితో నొక్కి ఆ వేలు మా అందరికీ చూపించింది. పచ్చగా మెత్తగా అంటుకుని ఉంది. ఆ రోజు పిల్లలు పప్పు మళ్ళీ మళ్ళీ అడిగి వేయించుకున్నారు. ఆఫీసరమ్మ గారు కూడా పిల్లల పక్కన నేల మీదే కూర్చుని తిన్నారు. తిన్నాక వంటింట్లోకి వచ్చి ఖాళీ బిందెలు చూసి ఇవేమిటని అడిగారు. నేను చెప్పాను. విత్తనం దగ్గర నుంచి చెరువు దాకా అంతా చెప్పాను. నా నోరు సంగతి తెలుసుగా.

"మంచి విత్తనం ఇచ్చారు మేడమ్. గట్టున పండింది. కొంటామన్నారు, చాలా సంతోషం. కానీ ఆ ఎసట్లో పోసే నీళ్ళ సంగతి మీ కాయితాల్లో ఎక్కడా లేదు. మేం రోజూ బిందెలు మొయ్యలేం కదండీ" అన్నాను.

ఆమె నవ్వలేదు, కోపగించుకోలేదు. "చెరువు నీళ్ళ పైపు బడి ముందు నుంచే పోతుంది కదా?" అని పెద్దమాస్టారిని అడిగారు. అవునన్నారు. వేసవి సెలవులు అయ్యేలోపు వంటింట్లోకి ఆ పైపు నుంచి ఒక కొళాయి వచ్చింది. మండలంలో బడులకి మా పప్పు ఇమ్మన్న ఉత్తర్వు కూడా దాంతోనే వచ్చింది.

వ్యవసాయ విధానం అంటే ఏమిటని ఈమధ్య ఒక మీటింగులో నన్ను మాట్లాడమన్నారు. నాకు పెద్ద మాటలు రావు. విత్తనం నుంచి పళ్ళెం దాకా ఒక దారి వెయ్యాలని చెప్పాను. ఆ దారిలో ఎక్కడ ఒక్క మూర తెగినా చిన్న రైతు అక్కడే పడిపోతాడు. పెద్ద రైతు లారీ వేసుకుని ఆ గుంట దాటిపోతాడు, మేము తల మీద బిందెలతో నడిచేవాళ్ళం. మా కంది బాగా పండిన ఏడే కాలవలో కొట్టుకుపోయింది. అదే కంది ఒక కొళాయి పెట్టగానే బడిపిల్లల కడుపు నింపింది. ఆ కొళాయి మేము అడిగి వేయించుకున్నది. అది చెప్పేటప్పుడు నా గొంతు కాస్త పెరిగింది, పెరగనిచ్చాను.

తొలకరి పడ్డాక మా ఆయన సాళ్ళు గీసే అచ్చు తోలించి, కొలతకి తాడు పట్టుకుని చేలోకి దిగాడు. గట్టు పక్కన ఒక సాలు, రెండో సాలు వదిలాడు. మూడోది కూడా వదిలి నా వైపు తిరిగి, "ఏంది చూస్తన్నావ్? కందులు తే" అన్నాడు. నేను గబగబా కందులు తెచ్చి ఇచ్చాను. ఆలస్యం చేస్తే మనసు మార్చుకుంటాడేమోనని. అరుగు మీద తువ్వాలు దులుపుకుని పోయిన పెద్దమనిషి కూడా ఆ వారమే మా గుమ్మంలోకి వచ్చి, విత్తనం కంది ఏమన్నా మిగిలిందా అని అత్తని అడిగాడు. అత్త ఆయన్ని కాసేపు నిలబెట్టి, మంచినీళ్ళిచ్చి, అప్పుడు చేట నిండా పోసింది.

ఈ ఏడు మొదటి పప్పు బస్తాలు బడులకి పంపేటప్పుడు, వాటి మీద ఎక్కడిదో రాయాలన్నారు. బండికి వేసే నీలం రంగు మిగిలి ఉంటే దాంతో నేనే రాశాను. వసారాలో బస్తాలు వరసగా పెట్టి రంగు ఆరేదాకా కూర్చున్నాం. అత్త వచ్చి ఒక బస్తా ముందు చతికిలబడింది. చదివిన రెండేళ్ళలో ఆమెకి అక్షరాలు నిలవలేదు. వేలు అక్షరాల పక్కనే, రంగు అంటకుండా జరుపుతూ పోయింది.

"ఏం రాశావ్?" అంది.

మా ఊరి పేరు చదివాను.

ఆమె వేలు మళ్ళీ మొదటి అక్షరం దగ్గరికి తెచ్చి పెట్టింది.

"ఇంకోసారి చదువు" అంది.